ప్రతిజ్ఞలో "కృషి చేయుదును"నా, "కృషి చేసెదను"నా?

తెరచాప:
బడి ప్రతిజ్ఞలో ఒక వాక్యం కొన్నాళ్లుగా వదలడం లేదు. "సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణము" వరకు అనుమానం లేదు. ఆ తర్వాతది నా నోటికి "దీనికి అర్హుడనగుటకై సర్వదా నేను కృషి చేసెదను" అని వస్తోంది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో "అర్హత పొందడానికి... కృషి చేస్తాను" అని ఉంది. "అర్హత పొందుటకై... కృషి చేయుదును" అని చదివినవాళ్లూ ఉన్నారు. పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు 1962లో రాసినది వీటిలో ఏది? తర్వాత వ్యావహారికంలోకి మార్చిన పాఠం కాదు, నాకు కావలసింది గ్రాంథిక పాఠం.

అరసున్న:
"చేయుదును". ఇందులో చర్చకు చోటే లేదనుకుంటాను. మిగతా క్రియలు చూడండి: గౌరవింతును, నడచుకొందును, ఉందునని. అన్నీ ఒకే అచ్చు. "చేసెదను" అని రాసిన మనిషి ఆ వరసలోనే "గౌరవించెదను", "నడచుకొనెదను" అని ఉండేవాడు. వాటిని అలా చదివినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

అర్థంలోనూ తేడా ఉంది. చిన్నయసూరి లెక్క ప్రకారం "చేసెదను" భవిష్యత్తు. "చేయుదును" తద్ధర్మం, అంటే స్వభావంగా, నిత్యం చేసే పని. పక్కనే "సర్వదా" ఉండనే ఉంది. పిల్లవాడు అక్కడ "పెద్దయ్యాక చేస్తాను" అని మాట ఇవ్వడం లేదు. "నా నడత ఇది" అని చెబుతున్నాడు. ఆ ఒక్క "దు"లో ప్రతిజ్ఞ అంతా ఉంది.

ఉత్తరాంధ్ర మాస్టారు:
అరసున్న గారూ, సూత్రం సరే, ప్రయోగం మాటేమిటి? తెలుగులో ప్రతిజ్ఞ అనగానే ముందు గుర్తొచ్చేది సభాపర్వంలో భీముడిది.

కురువృద్ధుల్ గురువృద్ధ బాంధవు లనేకుల్ సూచుచుండన్ మదో
ద్ధురుడై ద్రౌపది నిట్లు సేసిన ఖలున్ దుశ్శాసనున్...

అని మొదలై ఎక్కడ ముగుస్తుంది? "ఆస్వాదింతు నుగ్రాకృతిన్". ఆస్వాదింతున్! మీ "గౌరవింతును"కి తోబుట్టువు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగడం భీముడు నిత్యం చేసే పనా? ఒక్కసారి, రాబోయే ఒక్క రోజున చేసే పని. అయినా నన్నయ "ఆస్వాదించెదన్" అనలేదు. కాబట్టి -దును, -తును రూపాలు శపథానికి చక్కగా పనికొస్తాయి, వాటిని "నడత" అని బిగించేయడం కుదరదు. పైడిమర్రి వారు తెలుగు, సంస్కృతం బాగా చదివినవారు. వారి చెవిలో మోగింది సూరి వ్యాకరణం కాదు, భారతం.

అరసున్న:
మాస్టారూ, ఆ పద్యాన్ని మీరు తెచ్చినందుకు సంతోషం, ఎందుకంటే అది నా వైపే సాక్ష్యం చెబుతుంది. జరగబోయేదాన్ని జరిగి తీరేదిగా చెప్పాలంటే మన కవులు భవిష్యత్తును వదిలి తద్ధర్మానికి వస్తారు. సూర్యుడు ఉదయించును, నిప్పు కాల్చును, భీముడు ఆస్వాదించును. భీముడికి ఆ రోజు వస్తుందా రాదా అన్న సందేహమే లేదు. "ఎద"లో కొంచెం ఎదురుచూపు ఉంటుంది, "తు"లో ఉండదు. కాబట్టి "చేయుదును" అన్న పాఠానికి నన్నయ కూడా తోడొచ్చాడు.

పాదపూరణం:
ఇద్దరూ క్రియ దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు "అర్హుడనగుటకై" దగ్గర ఉంది. తెలుగులో ఉత్తమ పురుష క్రియకు లింగం లేదు. ప్రేమించుచున్నాను, చేయుదును, గౌరవింతును... ఆడపిల్ల చదివినా మగపిల్లవాడు చదివినా ఒకటే. హిందీలో "కర్తా హూఁ, కర్తీ హూఁ" అని వాక్యవాక్యానికీ విడిపోవాలి. లేదంటే "హమ్" అని బహువచనంలోకి పోవాలి. హిందీ పాఠాల్లో ఒకటి సరిగ్గా అదే చేసింది: "భారత్ హమారా దేశ్ హై". తెలుగుకు ఆ అవసరం లేదు. మొత్తం ప్రతిజ్ఞలో లింగం బయటపడే చోటు ఒక్క "అర్హుడను" మాత్రమే. అక్కడ ఆడపిల్ల "అర్హురాలనగుటకై" అనాలి. వందమంది ఒక్క గొంతుతో చదివే వాక్యం ఆ ఒక్క మాట దగ్గర రెండుగా చీలుతుంది. "అర్హత పొందుటకై" అంటే చీలదు. అందుకే నా ఓటు "అర్హత"కి. గుంపుగా చదవడానికి రాసే మనిషి చెవి ఆ చీలికను ఒప్పుకోదు.

"సహోదరులు" విషయంలోనూ ఇదే. ఇంగ్లీషు పాఠం "అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు" అని రెండూ చెప్పుకోవలసి వచ్చింది. తెలుగులో మనుషుల బహువచనం ఆడామగా ఇద్దరికీ ఒకటే, సహోదరులు అంటే అందరూ వచ్చేశారు. అందుకని "సహోదరీ సహోదరులు" అని సవరించాలనేవాళ్ల మాట నాకు నచ్చదు.

తెరచాప:
పాదపూరణం గారూ, నేను ఆడపిల్లల బడిలోనే చదివాను. అందరం "అర్హుడనగుటకై" అనే అనేవాళ్లం, ఎవరూ దిద్దలేదు. అందుకే అది అచ్చులో ఉన్న మాటే అయి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. లేని "అర్హుడు"ని ఆడపిల్లలం మా అంతట మేం పుట్టించుకోం కదా.

పాదపూరణం:
అచ్చులో ఉండొచ్చమ్మా. ఏ అచ్చులో అన్నదే ప్రశ్న. అచ్చయినదల్లా రాసినవాడి మాట కానక్కర్లేదు. కొన్ని పుస్తకాల్లో "జంతువులపట్ల దయతో ఉందును" అన్న వాక్యం ఉంది, కొన్నింట్లో లేదు. ఇంగ్లీషు పాఠంలో మామూలుగా కనిపించదు. ఒక వాక్యమే వచ్చిపోతుంటే, ఒక ప్రత్యయం మారడం ఎంతసేపు?

మూసీ ఒడ్డు:
రాసిన మనిషిని పక్కన పెట్టి ప్రత్యయాలు లెక్కపెడుతున్నారు. పైడిమర్రి వారిది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. పుట్టింది 1916లో, అంటే నిజాం పాలనలో. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబరు నాటికి ఆయనకు ముప్ఫై రెండేళ్లు. బాల్యం, చదువు, తొలి యవ్వనం అంతా ఆ ఏలుబడిలోనే. ఆ సంస్థాన గీతం రాజ్యమూ, దాని ఏలికా కలకాలం నిలవాలని కోరుతుంది. అలాంటి గీతం వింటూ పెరిగిన మనిషి, 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, చైనా యుద్ధపు రోజుల్లో పిల్లల కోసం ఒక ప్రతిజ్ఞ రాయడానికి కూర్చున్నాడు. ఏం రాశాడు? ఏలికను ప్రస్తావించలేదు. ప్రభుత్వం అన్న మాట లేదు. జెండా లేదు. శత్రువు లేడు. యుద్ధం జరుగుతుంటే రాసిన దాంట్లో "ప్రాణాలిస్తాను" అన్న మాట కూడా లేదు! తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు, మర్యాద, సేవ. ఇవే.

ఇది నాకు మామూలు విషయంగా అనిపించదు. అమెరికా పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ 1892 నాటిది, అది జెండాకు విధేయత ప్రకటించడంతో మొదలవుతుంది. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులోని ప్రమాణాల్లో "నిజమైన విశ్వాసం, విధేయత" అని ఉంటుంది. 1963లో పదహారో సవరణతో దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానన్న మాట కూడా అందులో చేరింది. కాలం అదే, భయం అదే. అయినా పైడిమర్రి వారు "విధేయత" ముట్టుకోలేదు. "సేవానిరతి" అన్నారు. విధేయతకు పైన ఒకరు ఉండాలి. సేవకు ఎదురుగా మనిషి ఉంటే చాలు.

ఉత్తరాంధ్ర మాస్టారు:
మూసీ ఒడ్డు గారూ, చాలా బాగా చెప్పారు తల్లీ. కానీ నల్లగొండతో పాటు మా విశాఖకు కూడా కొంచెం వాటా ఇవ్వాలి. అది రాసింది 1962. గురజాడ పుట్టింది 1862. శతజయంతి సంవత్సరం! ఆ ఏడు విశాఖ, విజయనగరాల్లో తెలుగు చదివిన మనిషి చెవిన ఏ పాట పడి ఉంటుంది?

దేశమును ప్రేమించుమన్నా
మంచి అన్నది పెంచుమన్నా

ఇప్పుడు ప్రతిజ్ఞ మూడో వాక్యం చదవండి: "నేను నా దేశమును ప్రేమించుచున్నాను." గురజాడ గారు "ప్రేమించుము" అన్నారు, పిల్లవాడు "ప్రేమించుచున్నాను" అని జవాబు చెబుతున్నాడు. విధికి వర్తమానంతో బదులు. నాకు ఇందులో అణుమాత్రం సందేహం లేదు. లేకపోతే దేశానికి "ప్రేమించు" అన్న క్రియ ఎందుకు పడాలి? ఆ రోజుల్లో అందరూ వాడే మాట దేశభక్తి. భక్తి వదిలి ప్రేమ పట్టుకోవడం గురజాడ అడుగు.

ఇంకొకటి. పైడిమర్రి వారు ఆ కాగితాన్ని తెన్నేటి విశ్వనాథం గారికి ఇచ్చారు, ఆయన దాన్ని అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి అందించారు. పి.వి.జి. రాజు అంటే పూసపాటి వారు, విజయనగరం సంస్థానం. గురజాడ కొలువు చేసింది ఆ వంశంలోని ఆనందగజపతి దగ్గరే. ప్రతిజ్ఞ 1963లో బడుల్లోకి వచ్చింది. 1964 అక్టోబరులో బెంగుళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం జరిగి, 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదవాలని నిర్ణయించింది. తెలుగులో పుట్టిన వాక్యం దేశానికి వెళ్లిన దారి మా ఊళ్ల మీదుగానే వెళ్లింది.

అరసున్న:
మాస్టారూ, శతజయంతి సంగతి ఒప్పుకుంటాను. కానీ వ్యావహారికం కోసం పోరాడిన గురజాడ ప్రభావంతో రాసినవాడు "చేయుచున్నాను", "ఆనందమునకు" అని గ్రాంథికంలో ఎందుకు రాస్తాడు? గురజాడ అడుగు అయితే "దేశాన్ని ప్రేమిస్తున్నాను" అని ఉండాలి.

ఉత్తరాంధ్ర మాస్టారు:
గురజాడ మాత్రం "దేశాన్ని" అన్నారా? "దేశమును" అనే కదా అన్నారు! ముత్యాలసరం నడక చూడండి: దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. "దేశాన్ని" పెడితే మొదటి మూడు మాత్రల దగ్గరే కాలు తడబడుతుంది. "దేశమంటే మట్టి కాదోయ్"కి కూడా ఇదే నడక. నడక కోసం ఆయన ఉంచిన "దేశమును" పైడిమర్రి వారి వచనంలోకి అలాగే వచ్చి కూర్చుంది. వచనంలో మాత్ర లెక్క లేదు కాబట్టి ఆయన ఏదైనా రాయొచ్చు, అయినా అదే వచ్చింది.

పాదపూరణం:
1962లో బడి పుస్తకం భాష అంతా "దేశమును"లే మాస్టారూ. దానికి గురజాడ దాకా పోనక్కర్లేదు. కానీ "ప్రేమించు" గురించి మీరన్నది ఆలోచించదగ్గదే.

నాకు గురజాడ కనిపించేది వేరే చోట. చివరి వాక్యం: "వారి శ్రేయోభివృద్ధులే నా ఆనందమునకు మూలము." చిన్నప్పుడు దీన్ని చాలామంది "వృద్ధులే ఆనందానికి మూలం" అని విడదీసుకుంటారు. శ్రేయస్, అభివృద్ధి కలిసి విసర్గ సంధితో శ్రేయోభివృద్ధి. ఇది ద్వంద్వమా, షష్ఠీతత్పురుషమా అన్నది ముందు తేలాలి. శ్రేయస్సు యొక్క అభివృద్ధి అయితే "శ్రేయోభివృద్ధియే" అని ఏకవచనం సరిపోయేది. "లు" వచ్చింది కాబట్టి రెండు వస్తువులు: శ్రేయస్సు ఒకటి, అభివృద్ధి ఒకటి. ఇంగ్లీషు పాఠంలోనూ రెండు మాటలే ఉన్నాయి. ఆ విడదీత నాకు చాలా ఇష్టం. అభివృద్ధి అంటే పెరగడం, సంపద, కట్టడాలు ఏమైనా కావచ్చు. శ్రేయస్సు అది కాదు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన శ్రేయస్సు, ప్రేయస్సుల తేడా తెలిసినవాడు ఈ మాటను ఊరికే వేయడు. పెరిగినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదని, రెండూ విడివిడిగా కోరాలని ఆ సమాసంలోనే ఉంది.

సరే, గురజాడ ఎక్కడంటే, "వారి" దగ్గర. ముందు వాక్యంలో "నా దేశముపట్ల, నా ప్రజలపట్ల" అని రెండూ ఉన్నాయి. తర్వాత "వారి" అన్నాడు. "వారు" మనుషులకు వాడే సర్వనామం. దేశం అమహత్తు, అంటే మనిషి కాని వస్తువు, దానికి "దాని" అనాలి. దేశాన్ని, ప్రజలను పక్కపక్కన పెట్టి, ఆనందం దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రజలనే పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఈ సంగతి కనపడదు, వాళ్ల సర్వనామం మనుషులకూ వస్తువులకూ ఒకటే. తెలుగులో మాత్రం దాచలేం. "దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్" అన్న మాటను ఒక్క సర్వనామంలో ఇమిడ్చాడు. మూసీ ఒడ్డు గారు చెప్పిన "ఏలిక లేని ప్రతిజ్ఞ" కూడా దీంతో కలుస్తుంది.

మూసీ ఒడ్డు:
ఇది నేను ఎన్నడూ గమనించలేదు. "వారి" అన్న మాట ఇన్నేళ్లు నోటితో అంటూనే ఉన్నాను. ఇప్పుడు "సేవానిరతి" కూడా నాకు ఇంకాస్త తేటగా వినిపిస్తోంది. మట్టికి సేవ చేయలేం, మనిషికే చేయగలం.

అరసున్న:
అందంగా ఉంది గానీ వ్యాకరణం అంత తొందరగా ఒప్పుకోదు. మొదటి వాక్యం మరిచిపోయారు. "భారతదేశం నా మాతృభూమి." ఇంగ్లీషులో అది ఉత్త "నా దేశం" అయింది, తల్లి పోయింది. తెలుగులో తల్లి ఉంది కాబట్టే రెండో వాక్యంలో "సహోదరులు" అన్నాడు: సహ, ఉదర. ఒకే కడుపున పుట్టినవాళ్లు. ఏ కడుపు? మొదటి వాక్యంలో చెప్పిన తల్లిది. తల్లిని తీసేస్తే సహోదరులకు ఆధారం లేదు. ఈ రెండు వాక్యాల ముడి ఏ అనువాదంలోనూ ఇంత బిగువుగా ఉండదు.

ఇప్పుడు చివరి వాక్యానికి రండి. దేశం తల్లి అయితే, తల్లీ ప్రజలూ కలిసి "వారు" అవుతారు. "తల్లి వచ్చింది" అని ఏకవచనంలో అమహత్తుతో సమానంగా నడిచినా, బహువచనంలో "తల్లులు వచ్చారు" అనే అంటాం. కాబట్టి "వారి"లో దేశం కూడా ఉంది. పైడిమర్రి వారు దేశాన్ని వదిలేయలేదు, మనిషిని చేశారు.

తెరచాప:
అరసున్న గారూ, ఇవన్నీ ఎంతో బాగున్నాయి. అర్హుడు, అర్హతల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. 1963 నుంచి 1970 మధ్య అచ్చయిన తెలుగు వాచకం ఎవరి ఇంట్లోనైనా ఉంటే ప్రతిజ్ఞ ఉన్న పుట చూసి చెప్పండి.

ఉత్తరాంధ్ర మాస్టారు:
చూస్తానమ్మా. అంతకంటే ముందు అరసున్న గారికి ఒక మాట. "మాతృభూమి"లో తల్లి ఉన్నది నిజమే. కానీ సేవ దగ్గరికి వచ్చేసరికి ఆయన "నా మాతృభూమిపట్ల" అనలేదు, "నా దేశముపట్ల" అన్నారు. తల్లిగా తలచుకున్నది మొదటి వాక్యంలో. అక్కడి నుంచి ప్రేమించినప్పుడూ దేశమే, వారసత్వం చెప్పినప్పుడూ దేశమే, ప్రతిజ్ఞ చేసినప్పుడూ దేశమే. ఎనిమిది వాక్యాల వెనక ఉన్న తల్లిని తెచ్చి "వారి"లో కూర్చోబెట్టాలంటే దూరాన్వయం. సర్వనామం దగ్గరి నామాన్నే పట్టుకుంటుంది, దగ్గర ఉన్నది "ప్రజలు".

అరసున్న:
దూరాన్వయం దోషం పద్యంలో మాస్టారూ. రోజూ పొద్దున్నే మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున చెప్పే వచనంలో మొదటి వాక్యం ఎప్పుడూ దూరం కాదు. పైగా మీరు "అని"ని వదిలేశారు. "సేవానిరతితో ఉందునని ప్రతిజ్ఞ చేయుచున్నాను" అన్నచోట "అని" పరిధిలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే. గౌరవింతును, నడచుకొందును, చేయుదును ప్రతిజ్ఞ కింద రావు. అవి నడతే, నేను మొదట చెప్పినట్టు. ప్రమాణం చేసింది సేవ ఒక్కదానికే. అందులో దేశము, ప్రజలు రెండూ సమానంగా "పట్ల"తో నిలబడి ఉన్నాయి. ఆ జంటలో ఒకదాన్ని తర్వాతి వాక్యం జారవిడిచిందంటే నేను ఒప్పుకోను.